నూకరత్నం డాట్ రేవు

రోజు 1

సైట్లకి చిరునామాలిచ్చే పేర్ల బోర్డు నిబంధన ఒకటుంది. సైటు చిరునామా మార్చేవాళ్లు, మొదలుపెట్టిన రోజు నుంచి పూర్తయ్యేదాకా చిట్టా రాయాలి. ఏ రోజు ఏం చేశారు, ర్యాంకు ఎంతుంది, పడితే ఎందుకు పడింది, అన్నీ. తర్వాత బోర్డువాళ్లు చదువుతారట. చదవరని నా నమ్మకం. అయినా రాస్తాను. గట్టు మీద ఆఫీసుల్లో నోటీసులు దిద్ది బతికేదాన్ని, రాయమంటే రాయకుండా ఉండలేను.

సంగతేమిటంటే, మా రేవు మండలంలో జనం ఎప్పుడో తెప్పల మీదికి చేరారు, చివరి నేల కూడా సముద్రంలో కలిసి పదకొండేళ్లయింది. ఊరు పోయినా సైట్ల చిరునామాల చివర ".రేవు" అనే తోక మాత్రం ఇన్నాళ్లూ మిగిలింది. ఇప్పుడు బోర్డు దాన్నీ తీసేస్తోంది. నేల లేని ఊరి పేరు మీద చిరునామాలు ఉండకూడదట. తొంభై రోజుల్లో అందరూ, నేలున్న గట్టు పేరు మీదుండే ".గట్టు"కి మారిపోవాలి. ఆ తర్వాత పాత తోకతో వెతికితే ఏమీ దొరకదు.

మా దొడ్డమ్మ కొప్పాడి నూకరత్నం సైటు కూడా మారాలి. దొడ్డమ్మంటే మా అమ్మకి అక్క. తెప్పల మీద ఉప్పునీటిని మంచినీళ్లు చేసే మిషన్లకి నలభై ఏళ్లుగా మెకానిక్కు. చదువు రాదు. ఆవిడ చెబుతుంటే ఇరవై రెండేళ్లుగా దగ్గరున్నవాళ్లు ఎవరో ఒకరు టైపు కొడుతూ వచ్చారు. అలా ఎనభై ఏడు పేజీలయ్యాయి. ఏ మిషను ఎలా పాడవుతుంది, పాడయితే ఏం చెయ్యాలి, అదే సైటంతా. ఆఫీసుకి సెలవు పెట్టి, ఈ పని కోసమే గట్టు దిగి మూడో వరస తెప్పల మీదున్న ఆవిడ గదికి వచ్చాను.

"ఎన్నాల్లుంటావే అచ్చీ?" అంది పంపు కింద నుంచి.

మూడు నెలలన్నాను.

"ఐతే ఆ మూల బస్తాలు తీసేసి పక్కేసుకో." మళ్లీ పంపు కిందకి దూరింది. భోజనం పెట్టాలన్న సంగతి రెండు గంటల తర్వాత గుర్తొచ్చింది ఆవిడకి.

రోజు 3

గట్టు మీద పదిహేనేళ్లున్నాక చెప్పుడు పెట్టె సంగతి మర్చిపోయాను. నేను గట్టు నుంచి తెచ్చుకున్నది తప్ప ఇక్కడ ఎవరి దగ్గరా తెర ఉన్న ఫోన్లు లేవు. ఉప్పుగాలికి తెరలు ఆర్నెల్లు కూడా బతకవు. వరసకి ఒకటి చొప్పున పెట్టెలు స్తంభాలకి బిగించారు. దాని ముందు నిలబడి నోటితో అడగాలి. అది ఒక్కటంటే ఒక్కటే జవాబు చదువుతుంది, మొదటి ర్యాంకు పేజీది. గట్టు మీద పది జవాబులు వస్తాయి, మనం ఏరుకుంటాం. ఇక్కడ రెండో ర్యాంకుకీ రెండు వందో ర్యాంకుకీ తేడా లేదు.

నీళ్ల మిషను గురించి ఎవరేం అడిగినా పెట్టె చదివేది దొడ్డమ్మ పేజీయే. ఇరవై రెండేళ్లుగా అదే మొదటిది. పని అయినవాళ్లు అయిందని చెబుతారు, పెట్టె ఆ లెక్కంతా గుర్తుపెట్టుకుంటుంది. ఆ గుర్తంతా పాత చిరునామా పేరు మీద ఉంది. దాన్ని ఒలక్కుండా కొత్త చిరునామాకి మొయ్యడమే నా పని.

పొద్దున టీ తాగుతూ దొడ్డమ్మ వైర్‌లెస్ సెట్టు ముందు కూర్చుంటుంది. ప్రతి పేజీ చివరా "పనయితే నాకు కబురెట్టండి" అని ఉంటుంది కదా, ఆ కబుర్లు వినడానికి. ఇవాళ తొమ్మిది వచ్చాయి. "రత్నం పిన్నీ, పంపు ఏడుపు మానేసిందే." "ఒలే రత్నం, నువ్వు సెప్పినట్టే గొట్టం తిరగేసి పెట్టాం." ఆవిడ దేనికీ జవాబివ్వదు. తలాడించుకుంటూ టీ పూర్తి చేస్తుంది.

రోజు 6

ఎనభై ఏడు పాత చిరునామాలు ఒక పక్క, ఎనభై ఏడు కొత్తవి ఎదురుగా రాశాను. ప్రతి పాత పేజీ దగ్గరా ఒక దారి పలక పెడతాను: "ఈ పేజీ శాశ్వతంగా అక్కడికి మారింది" అని. పెట్టె ఆ పలక చూసి కొత్త చోటుకి వెళ్తుంది, తన దగ్గరున్న గుర్తుని అక్కడ జమ చేస్తుంది. చాలామంది బద్ధకంతో అన్ని పలకలనీ మొదటి పేజీకే తిప్పుతారు. అలా చేస్తే గుర్తు మొత్తం పోతుంది. నేను అలా చెయ్యలేదు. పేజీకి పేజీ జత చేశాను, రెండుసార్లు సరిచూశాను.

రోజు 8

ఆఫీసులో మా పైఅధికారి శ్రీవాణి గారు ఇవాళ ఏదో నోటీసు గురించి మాట్లాడాలని ఫోన్ చేశారు. మాటల్లో నేనేం చేస్తున్నానో చెప్పాను. అప్పటికప్పుడే సైటు తెరిచారు. అవతల ఆఫీసులో ఇంకో నలుగురున్నట్టున్నారు.

"'మిషను ఉప్పు కక్కేత్తంటే.' ఇదేంటమ్మా, ఇది శీర్షికా?" అన్నారు. "'పంపు ఏడుత్తంది.' 'ఒరే, సేతిలో బ్లీచింగు ఉంటే ముందది కింద పెట్టు.' ఎవరు రాశారమ్మా ఇది?"

వెనక నుంచి నవ్వులు వినిపించాయి. నేనూ నవ్వాను.

"ఎవరో పాత వాలంటీర్లండి," అన్నాను.

దొడ్డమ్మ అప్పుడు నాకు రెండు మూరల దూరంలో కూర్చుని బేరింగుకి గ్రీజు రాస్తోంది. విందో లేదో తెలియదు. నా మొహం మాత్రం కాలిపోయింది. ఆ కాలడం దేనికో నాకు ఖచ్చితంగా తెలుసు కాబట్టి చిట్టాలో రాసేస్తున్నాను: ఆవిడ మా దొడ్డమ్మ అని చెప్పనందుకు కాదు. ఆ మాటలు మా ఇంటివని ఎక్కడ తెలిసిపోతుందోనని.

రోజు 11

ఎలాగూ మారుస్తున్నాం కదా, పనిలో పనిగా భాష కూడా శుభ్రం చేసేశాను. మూడు రోజుల్లో ఎనభై ఏడు పేజీలు. నా వృత్తి ఇదే, చెయ్యి ఆగదు. "మిషను ఉప్పు కక్కేత్తంటే" ఇప్పుడు "లవణ నిర్మూలన యంత్రంలో శుద్ధిలోపం, నివారణ చర్యలు". "పంపు ఏడుత్తంది" ఇప్పుడు "పంపులో అసాధారణ ధ్వని". అంశాలన్నిటికీ అంకెలు వేశాను. తిట్లు తీసేశాను. బ్లీచింగు గురించి ఆవిడ పేజీ మొదట్లోనే అరిచేది: "అది పోత్తే లోపల పొర సచ్చిపోద్ది. ఇంక దాన్ని దేవుడు కూడా బతికించలేడు." దాన్ని పద్నాలుగో అంశంగా చివరికి జరిపి, "క్లోరిన్ సంయోగాల వినియోగం వాంఛనీయం కాదు" అని రాశాను.

చూడ్డానికి చాలా బాగుంది. శ్రీవాణి గారికి చూపించినా తప్పు పట్టలేరు.

సాయంత్రం దొడ్డమ్మ అడిగింది. "అన్నీ ఎక్కించావా?"

"అన్నీ ఎక్కించాను దొడ్డమ్మా."

"ఏదీ, ఒక్కటి సదివి ఇనిపించు."

నేను పాత సైటు తెరిచి పాత పేజీ చదివాను. ఆవిడ కళ్లు మూసుకుని వింది, మధ్యలో ఒకసారి తన తిట్టుకి తనే నవ్వుకుంది. "బాగుంది," అంది. "ఒక్క మాట కూడా పోలేదు."

రోజు 12

మార్పిడి జరిగింది. పలకలన్నీ పని చేస్తున్నాయి. ర్యాంకు: మొదటిదే.

రోజు 15

మూడో ర్యాంకు. కంగారు పడలేదు. మారిన కొత్తలో కొన్నాళ్లు ఊగుతుందని బోర్డు పుస్తకంలోనే ఉంది.

రోజు 19

పదకొండు. మొదటి ర్యాంకులోకి "సాగరసుధ" అనే దుకాణం, మిషన్లలో ఉప్పు వడకట్టే పొరలు అమ్మేది, వచ్చి కూర్చుంది. గట్టు మీద వాళ్లెవరో పెట్టారు. మిషను ఉప్పు కక్కితే బ్లీచింగు నీళ్లతో కడగండి, తగ్గకపోతే మా దగ్గర కొత్త పొర కొనుక్కోండి అని ఉంది అందులో. కడిగితే ఎలాగూ తగ్గదు కాబట్టి కొనుక్కోవాల్సిందే. వాళ్ల తెలివికి నాకు ఒళ్లు మండింది. పలకలు మూడోసారి సరిచూశాను. తప్పు ఎక్కడా లేదు. పెట్టెనే తిట్టుకున్నాను.

వైర్‌లెస్‌లో ఇవాళ ఒక్క కబురొచ్చింది. అది కూడా ఎవరో తప్పు ఛానెల్ నొక్కారు.

"మిషన్లన్నీ బాగున్నాయనుకుంటా," అంది దొడ్డమ్మ.

రోజు 22

మూడు రోజులుగా ఒక్క కబురూ లేదు. దొడ్డమ్మ టీ చల్లారిపోయేదాకా సెట్టు ముందు కూర్చుంటోంది. ఇవాళ సెట్టు విప్పి, ఏం పాడయిందోనని లోపలంతా శుభ్రం చేసి మళ్లీ బిగించింది. అది బాగానే ఉంది.

"నేను సెప్పేది పాతబడిపోయిందేమోలే," అంది. "కొత్త మిషన్లొచ్చుంటాయి. నాకేం తెలుసు?"

కొత్త మిషన్లు రాలేదు. పన్నెండేళ్లుగా అవే మిషన్లు. ఆ మాట చెప్పాను గానీ, ఎందుకు కబుర్లు రావట్లేదో చెప్పలేదు. ఇంకో వారంలో ర్యాంకు తిరిగొస్తుంది, అప్పుడు చెప్పక్కర్లేదు కదా అనుకున్నాను.

రోజు 24

ఐదో వరస తెప్ప మిషను చచ్చిపోయింది.

ఆ వరస నీళ్ల కాపరి సంగాని ఏసుబాబు. మొన్న మిషను ఉప్పు కక్కుతుంటే పెట్టె దగ్గరికెళ్లి ఎప్పటిలాగే అడిగాడు. పెట్టె మొదటి ర్యాంకులో ఉన్న సాగరసుధ జవాబు చదివింది. ఎప్పటిలాగే అది నూకరత్నం మాటేననుకున్నాడు. డబ్బాడు బ్లీచింగు పోశాడు. పొర నాశనమయింది. కొత్త పొర గట్టు మీద నుంచి రావడానికి ఆరు వారాలు పడుతుంది. నలభై ఇళ్లవాళ్లు ఉప్పు కలిసిన నీళ్లే తాగుతున్నారు. పక్క వరసల నుంచి పడవల్లో తెచ్చే మంచినీళ్లు పసిపిల్లలకే చాలడం లేదు.

ఏసుబాబు భార్య లోవకుమారికి ఎనిమిదో నెల.

రోజు 26

లోవకుమారికి కాళ్లూ మొహమూ వాచాయి, బీపీ బాగా పెరిగింది. కడుపుతో ఉన్నవాళ్లు ఉప్పునీళ్లు తాగితే అలా అవుతుందని తెప్పల మీద అందరికీ తెలుసు. ఆసుపత్రి పడవ ఎక్కించారు. ఇవాళ మధ్యాహ్నం ఆపరేషన్ చేసి బిడ్డని తీశారు. ఆడపిల్ల, కిలో మూడు వందల గ్రాములు. అద్దాల పెట్టెలో పెట్టారు. బతుకుతుందో లేదో వారం గడిస్తే గానీ చెప్పలేమన్నారు.

దొడ్డమ్మకి ఏసుబాబు తమ్ముడు వచ్చి చెప్పాడు. గొడవేమీ పెట్టుకోలేదు. "నువ్వు సెప్పినట్టే పోసాడంట పిన్నీ," అన్నాడు, అంతే.

అతను వెళ్లాక దొడ్డమ్మ స్పానరు చేత్తో పట్టుకునే నా వైపు తిరిగింది.

"అచ్చీ, బ్లీచింగు పొయ్యొద్దని నేను సెప్పలేదంటావా?"

నేను నోరు తెరిచాను. ఆ క్షణంలో చెప్పెయ్యొచ్చు. రెండు వాక్యాలు చాలు.

"చూస్తాను దొడ్డమ్మా," అన్నాను.

"సెప్పాననే అనుకున్నా. మతి పోతందేమో నాకు."

రోజు 28

దొడ్డమ్మ ఆసుపత్రి పడవకి తీసుకెళ్లమంది. నేనే ఇంజిను పడవ నడిపాను.

లోవకుమారికి ఇరవై మూడేళ్లుంటాయి. మంచం మీద పడుకుని గోడవైపు చూస్తోంది. మంచం పక్కన స్టూలుంది. దొడ్డమ్మ దాని మీద కూర్చోలేదు. అరవై ఎనిమిదేళ్ల మనిషి, మోకాళ్లు అరిగిపోయిన మనిషి, మంచం కోడు పట్టుకుని మెల్లగా నేల మీద కూర్చుంది.

"తప్పు నాదేనమ్మా," అంది. "ముందే సెప్పాల్సిన మాట సెప్పలేదు. పెద్దదాన్నయిపోయాను. నీ బిడ్డని నేనే ఇలా సేసాను."

లోవకుమారి ఒకసారి మా వైపు చూసింది. కళ్ల నుంచి నీళ్లు కారి చెవిలోకి పోతున్నాయి, తుడుచుకోలేదు.

నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. నాకు మూడడుగుల దూరంలో మా దొడ్డమ్మ, నేను చేసిన పనికి నేల మీద కూర్చుని క్షమాపణ చెబుతోంది. నేను ఆపలేదు. ఇంటికెళ్లాక చెబుతాను, ఇక్కడ బాలింత ముందు గొడవెందుకు అని నాకు నేనే ఒక మర్యాదైన కారణం చెప్పుకున్నాను. నన్ను నేను ఇంతకన్నా అసహ్యించుకున్న రోజు లేదు.

తిరిగి వస్తుంటే ఆరో వరసలో కొత్తగా కట్టిన ఒక తెప్ప కనిపించింది. దాని మీద చిరిగి, అతుకులు పడిన పసుపు జెండా.

"మల్లాడోల్లది," అంది దొడ్డమ్మ. "రెండో వరస నుంచి మారారు."

"కొత్త జెండా కట్టుకోవచ్చు కదా," అన్నాను, ఏదో ఒకటి మాట్లాడాలని.

ఆవిడ నా వైపు వింతగా చూసింది. "వరస మారినప్పుడు జెండా మారుత్తారేటే ఎవరైనా? ఏటకెల్లినోల్లు తిరిగొచ్చి ఇల్లెలా పోల్చుకుంటారు? ఒక కారు గడిచాకే మారుత్తారు. నీకు తెలీదా?"

తెలుసు. ఈ వరసల్లోనే పుట్టాను. ఇల్లు మారినా, వేటకెళ్లిన పడవలన్నీ కొత్త చోటు చూసి, అలవాటు పడి, ఒక సీజను గడిచేదాకా జెండా మార్చరు, రంగు మార్చరు, గుమ్మం ముందు తట్టలు కూడా పాత క్రమంలోనే పెడతారు. నాకు అప్పుడు అర్థమయింది. పెట్టె నా దారి పలకలన్నీ సరిగ్గానే చూసింది, వాటి వెంటే కొత్త చోటుకి వెళ్లింది. అక్కడ తనకి తెలిసిన మాట ఒక్కటీ లేదు. ఇదెవరో కొత్తవాళ్ల ఇల్లు అనుకుని వెనక్కి తిరిగింది. పోనీ, గుర్తుపట్టినా లాభం లేదు. "మిషను కక్కేత్తంది" అని అడిగేవాడికి "శుద్ధిలోపం" అన్న పేజీ ఎందుకు చదువుతుంది? ఇరవై రెండేళ్ల గుర్తుని ఎవరూ దొంగిలించలేదు, ఇల్లూ జెండా ఒకే రోజు మార్చి నేనే నీళ్లలో కలిపేశాను.

రోజు 29

ఎనభై ఏడు పేజీలూ పాతవి పాతవిగా, అక్షరం పొల్లుపోకుండా తిరిగి పెట్టాను. పాత సైటు ఇంకా మూతపడలేదు కాబట్టి కాపీ దొరికింది. అది నా అదృష్టం, తెలివి కాదు.

ఇలా వెనక్కి తిప్పితే పెట్టె మళ్లీ నమ్మడానికి బోర్డు ఒక షరతు పెట్టింది. ఎందుకు మార్చారో, ఎందుకు వెనక్కి తిప్పారో మన గొంతుతో చెప్పి పంపాలి. నలభై రోజులపాటు ఆ సైటు గురించి గానీ, అందులో ఉన్న విషయాల గురించి గానీ ఎవరేం అడిగినా పెట్టె జవాబుకి ముందు అది వినిపిస్తుంది. నమూనా వాక్యాలు కూడా వాళ్లే ఇచ్చారు. అందులో ఒకటి ఎంచుకుని చదివాను: "సాంకేతిక లోపం వల్ల కొన్ని పేజీల్లో పొరపాటు దొర్లింది. అసౌకర్యానికి చింతిస్తున్నాము."

చదవడం చాలా తేలిక. ఇలాంటివి ఆఫీసులో రోజుకి పది దిద్దుతాను.

రోజు 31

ఆరో ర్యాంకు. పైకొస్తోంది.

బిడ్డ బతికే ఉంది. గొట్టంతో పాలు పట్టిస్తున్నారట.

దొడ్డమ్మ ఇవాళ పొద్దున పెట్టె దగ్గరికి వెళ్లింది. ఎప్పుడూ వెళ్లదు. తన సైటు గురించి తనే అడిగి వినడానికి వెళ్లింది పాపం. తిరిగొచ్చి మిషను ముందు పీట వేసుకుంది.

"నీ గొంతు ఇనపడింది," అంది. "సాంకేతిక లోపం అన్నావు. అంటే ఏటి?"

"మిషను తప్పు దొడ్డమ్మా."

ఆవిడ నట్టు బిగిస్తూనే మాట్లాడింది. "నలభై ఏళ్లుగా మిషన్లు సూత్తన్నా. మిషను తనంతట తాను ఏదీ సెయ్యదు. ఎవరో ఒకరు సేత్తేనే సేత్తది. ఎవరు సేసారు?"

చెప్పాను. వరసగా, ఏదీ వదలకుండా. శ్రీవాణి గారి ఫోను, నవ్వులు, నేను నవ్వడం, పాత వాలంటీర్లు అనడం, మూడు రోజులు దిద్దడం, పద్నాలుగో అంశం. పదకొండో రోజు ఆవిడకి పాత పేజీ చదివి వినిపించిన సంగతి చెప్పడమే అన్నిటికన్నా కష్టం. అయినా చెప్పాను.

నట్టు ఎప్పుడో బిగిసిపోయింది. ఆవిడ ఇంకా తిప్పుతూనే ఉంది.

"నా మాటంటే అంత సిగ్గా నీకు?"

కాదని చెప్పాలనిపించింది. ఇంక అబద్ధం చెప్పే ఓపిక లేదు.

"సిగ్గే," అన్నాను.

"నీకు మాటలు నేర్పింది నేనే. మీ యమ్మ సేపలమ్మడానికెల్తే నా ఒల్లో కూకుని నేర్సుకున్నావు."

ఏడుపొచ్చింది. ఆవిడ ఓదార్చలేదు, తిట్టలేదు కూడా. తిట్టుంటే బాగుండేది.

స్పానరు కింద పెట్టింది. "లోవకుమారి కాడ నేను కిందకూకున్నప్పుడు నువ్వు గుమ్మంలోనే ఉన్నావు."

"ఉన్నాను."

"నేను సెయ్యని తప్పు ఒప్పేసుకుని ఒచ్చాను. అది నాది కాదు. నువ్వెల్లి ఎనక్కి తే. నేనెలా కూకున్నానో అలాగే కూకుని సెప్పు."

రోజు 32

బోర్డుకి కొత్త సందేశం పంపాను. నమూనా వాక్యాలు చూడలేదు. ముందు రాసుకోలేదు, దిద్దలేదు. పదిహేనేళ్ల తర్వాత మా ఇంటి మాటతో మాట్లాడాను. మొదట నాలిక తిరగలేదు. ఇదీ అది:

"నా పేరు ఓలేటి అచ్చియ్యమ్మ. నూకరత్నం మా దొడ్డమ్మ. ఆవిడ మాటలు నేను మార్చేసాను. గట్టు మీదోల్లు నవ్వితే సిగ్గేసి మార్చేసాను. బ్లీచింగు పొయ్యొద్దని ఆవిడ మొదటే సెప్పింది, నేను కిందకి తోసేసాను. ఐదో వరస మిషను నావల్ల పోయింది. ఆవిడ తప్పేమీ లేదు. ఇక నుంచి మీరినేవి ఆవిడ మాటలే."

సాయంత్రానికల్లా అన్ని వరసల్లోనూ వినిపించింది. నీళ్లు పట్టుకోవడానికి వెళ్తే నా ముందున్న ఇద్దరు ఆడవాళ్లు మాటలాపి, బిందె కొంచెం పక్కకి జరుపుకున్నారు. శ్రీవాణి గారు కూడా ఎలాగో విన్నారట. ఆఫీసు పేరు ఎక్కడా రాలేదు కదా అని అడిగారు. రాలేదన్నాను.

రోజు 38

రెండో ర్యాంకు. బిడ్డకి సొంతంగా ఊపిరి అందుతోంది, ఇంకో మూడు వారాలు అద్దాల పెట్టెలోనే ఉంచుతారట. లోవకుమారిని ఇంటికి పంపేశారు. రోజూ పాలు పిండి పడవలో పంపిస్తోంది.

నేను ఇంకా ఐదో వరసకి వెళ్లలేదు. మొన్న గాలి ఎక్కువగా ఉందన్నాను. నిన్న ఇంజినులో నూనె లేదన్నాను. దొడ్డమ్మ నూనె డబ్బా తెచ్చి పడవలో పెట్టింది.

రోజు 40

ఉదయం పెట్టె దగ్గర ఎవరో "పంపు ఏడుత్తంది" అని అడిగారు. ముందు నా గొంతు వచ్చింది, తర్వాత దొడ్డమ్మ పేజీ. మొదటి ర్యాంకు. బోర్డు లెక్క ప్రకారం మార్పిడి పూర్తయినట్టే, చిట్టా ఇక్కడితో ఆపెయ్యొచ్చు. కానీ ఐదో వరస మిగిలే ఉంది. మధ్యాహ్నం వెళ్లాను.

ఏసుబాబు ఇంట్లో లేడు. లోవకుమారి చాప మీద గోడకి ఆనుకుని కూర్చుంది. నేనెవరో తెలుసు. ఆ సందేశం వాళ్ల పెట్టెలో రోజుకి ఎన్నిసార్లు వస్తోందో నాకంటే ఆమెకే బాగా తెలుసు. పీట చూపించింది. నేను నేల మీద కూర్చున్నాను.

"మా దొడ్డమ్మ నీ దగ్గర ఒప్పుకున్న తప్పు ఆవిడది కాదు," అన్నాను. "నాది. ఆ రోజు నేను తలుపు దగ్గరే ఉన్నాను. చెప్పలేదు."

"నిన్ను సూసాను," అంది లోవకుమారి. "ఎవరో నర్సమ్మ అనుకున్నా."

ఇంకేదో చెప్పాలని వెళ్లాను. దారంతా వాక్యాలు కట్టుకున్నాను. ఒక్కటీ రాలేదు. తలొంచుకుని చాప అంచు చూస్తూ కూర్చున్నాను.

"ఎండనపడి వచ్చావు," అంది లోవకుమారి. కడుపు మీద చెయ్యి పెట్టుకుని మెల్లగా లేచి, లోపలికెళ్లి గ్లాసుతో నీళ్లు తెచ్చింది. తెప్పల మీద ఇంటికి ఎవరొచ్చినా ముందు నీళ్లిస్తారు, శత్రువైనా సరే. అందుకున్నాను. ఈ వరసకి ఇంకా కొత్త పొర రాలేదు. ఎంత ఉప్పగా ఉన్నా మొహంలో కనిపించనివ్వకూడదని గట్టిగా అనుకుని నోట్లో పోసుకున్నాను.

నీళ్లు తియ్యగా ఉన్నాయి.

తల తిప్పి లోపలికి చూశాను. చూరు కింద చిన్న ప్లాస్టిక్ క్యాను వేలాడుతోంది. బాలింతలకి పక్క వరసలవాళ్లు రోజుకి రెండు లీటర్ల మంచినీళ్లు పంపుతున్నారని దొడ్డమ్మ చెప్పింది. క్యానులో అడుగున కాసినే ఉన్నాయి. ఇంకా మధ్యాహ్నమే.

"తాగు," అంది లోవకుమారి.

ఇచ్చిన నీళ్లు సగంలో కింద పెట్టకూడదు. మిగతా సగం కూడా తాగాను.